పన్ను కట్టువాడు, లెక్క అడుగువాడు

(ఒక పట్టణ గ్రంథాలయమున జరిగిన సభలో న్యాయవాది యొకరు చేసిన ఉపన్యాస పాఠము)



స్థానిక సంస్థలు ప్రజల కేమి సేవ చేయుచున్నవి, ప్రజలు వానితో నెట్టి సంబంధము పెట్టుకొనవలెను అను విషయమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. విషయము పెద్దది, కాలము చిన్నది. కావున ఒక్క సంగతి మాత్రము మీ ముందుంచి కూర్చుండెదను.

మన మిప్పుడు కూర్చున్న యీ గది ఎవరిది? ప్రభుత్వమువారిదని మీలో చాలమంది చెప్పుదురు. నేనును అట్లే అనుకొనెడివాడను. కాని 1960 సంవత్సరపు గ్రంథాలయముల చట్టము క్రింద మనలో ఇంటిపన్ను చెల్లించు ప్రతి గృహస్థుడును ఆ పన్నుతోపాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు చెల్లించుచున్నాడు. మునిసిపాలిటీ గాని పంచాయతీ గాని దానిని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలెను. ఈ బల్లలు, ఈ బీరువాలు, ఈ పత్రికలు మన ఎనిమిది పైసలలోనుండి పుట్టినవే. అయితే వసూలైన సెస్సును సకాలమున జమకట్టక బకాయి పెట్టు సంఘములును కలవు. గ్రంథాలయోద్యమములో కార్యకర్తనై పదునైదేండ్లు తిరిగితిని. పత్రికలు తగ్గిన ప్రతిసారి హైదరాబాదును నిందించితిని, అమరావతిని నిందించితిని. మన పట్టణము కట్టవలసిన సెస్సు ఎంత, కట్టిన దెంత అని నాలుగు వీధుల అవతలనున్న కార్యాలయమునకు పోయి ఒక్కనాడును అడుగలేదు. ఇది నా తప్పు. దీనినుండియే నేటి ఉపన్యాసము పుట్టినది.

ఇంకొక తప్పును గూడ ఒప్పుకొనెదను. రాజ్యాంగములో 243వ అధికరణమును, దాని తోక పట్టుకొని వచ్చిన అక్షరము లన్నిటిని కోర్టులో కన్నులు మూసికొని చెప్పగలను. గ్రామసభ, ఆర్థిక సంఘము, ఎన్నికల సంఘము, అన్నియు నోటికి వచ్చును. మొన్నమొన్నటివరకు నా వార్డు కౌన్సిలరు ఎవరని యడిగినచో ఇంటిలోనివారి నడిగి చెప్పవలసి యుండెను. మా యింటిలో కుళాయిదగ్గర నిలువబడువారు నేను కాదు గనుక వారికే తెలిసినది.

స్థానిక స్వపరిపాలన మను మాట మనకు రిప్పన్ ప్రభువు కాలమున వచ్చినదని పాఠ్యపుస్తకములలో చదివితిమి. 1882 మే నెలలో ఆయన చేసిన తీర్మానములో ఈ సంస్థలు పరిపాలన సౌకర్యముకన్న ప్రజల రాజకీయ శిక్షణ కొరకే యనిన భావము కలదు. 1884లో మద్రాసు ప్రభుత్వము చట్టము చేసి జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, యూనియనులు ఏర్పరచెను. అధికారము స్వల్పము, కలెక్టరు చూపు ఎల్లప్పుడు వీపుమీద. అయినను పనిచేయదలచినవారి కది అడ్డము రాలేదు. టంగుటూరి ప్రకాశము పంతులుగారు బారిస్టరు కాకముందే రాజమహేంద్రవర పురపాలక సంఘమునకు అధ్యక్షులైరి. తరువాతి కాలమున వల్లభభాయి పటేలు అహమ్మదాబాదులోను, జవాహర్‌లాలు అలహాబాదులోను, చిత్తరంజన్ దాసు కలకత్తాలోను నగరసభల పగ్గములు పట్టిరి. మురుగుకాల్వల పని స్వరాజ్యమునకు చిన్నతన మని వారిలో నెవరును తలంపలేదు.

ఇట్లు ఒకప్రక్క దేశనాయకులు మునిసిపాలిటీలలో చేరుచుండగా, అదే కాలమున మన తెలుగుదేశములో ఒక ఊరు మునిసిపాలిటీ మాకు వలదని ఊరినే విడిచిపోయినది. చీరాల-పేరాల చరిత్ర మీ కందరికి తెలిసినదే. కాని మనము దానిని సగమే చెప్పుకొనుచున్నా మని నా యభిప్రాయము.

1919లో ప్రభుత్వము చీరాల, పేరాల గ్రామములను కలిపి మునిసిపాలిటీ చేసెను. జనసంఖ్య పదునైదు వేల ప్రాంతము. నేతపనివారు, చిన్న రైతులు, కూలివారు ఎక్కువ. యూనియనుగా నున్నంతకాలము తేలికగా నున్న పన్ను పలురెట్లు పెరిగినది. మాకు వలదని వారు అర్జీల మీద అర్జీలు పెట్టుకొనిరి. అప్పటికి ద్వంద్వ ప్రభుత్వము వచ్చియుండెను. స్థానిక స్వపరిపాలన శాఖ తెలుగుబిడ్డడైన పానగంటి రామరాయణింగారి చేతిలోనే యుండెను. అయినను ఫలము లేకపోయినది. మన శాఖకు మనవాడు మంత్రియైనంత మాత్రమున మన మాట వినబడు నను నమ్మకము ఆనాడే చెడినది. నేటివరకు మన మా నమ్మకమును వదలుకొనకుండుటయే వింత. 1921లో మొదట కౌన్సిలరులు రాజీనామా లిచ్చిరి. పన్ను కట్టమన్నవారు జైళ్లకు పోయిరి. వారిలో ఒక స్త్రీయు నుండెను. ఆ ఏప్రిలు 6వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చినపుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు కర్తవ్య మడిగిరి. మునిసిపాలిటీ హద్దు దాటి వెలుపల నివసించుట ఒక మార్గమని మహాత్ము డనెను. జనులలో అధికభాగము ఇండ్లు, మగ్గములు, పెరళ్లు వదలి హద్దుకావల పాకలు వేసికొనిరి. దానికి రామనగర మని పేరు. ఎండలు, వానలు, చలి, అన్నియు ఆ పాకలలోనే గడచినవి. గోపాలకృష్ణయ్యగారు బరంపురములో మాటలాడినందుకు కారాగారము పాలైరి. పదునొకండు నెలలు నిలిచి, చేతి డబ్బు, బయటి సహాయము రెండును అడుగంటిన పిమ్మట 1922లో జనులు తిరిగి ఇండ్లకు చేరిరి.

దీనిని మనము త్యాగగాథగా చెప్పుకొందుము; అది న్యాయమే. ఆనాటి అధికారులు మాత్రము, పన్ను కట్టుట ఇష్టములేక జనులు పారిపోయి రనిరి. అందులోను కొంత నిజము లేకపోలేదు. మగ్గము మీద బ్రతుకువానికి ఆ పన్ను భరింపరానిదే. కాని వారు అడిగిన ప్రశ్న యొకటి మిగిలియున్నది. మా ఊరికి ఏమి కావలెనో, దానికి మేమెంత ఈయగలమో మమ్ము నడుగక నిర్ణయించుట కెవరికి హక్కున్నదని వారడిగిరి. వారు ఊరి పాలనమునే వలదనిన వారు కారు. 1948లో, స్వరాజ్యము వచ్చిన మరుసటియేడు, చీరాలలో పురపాలక సంఘ మేర్పడినది. అప్పు డెవరును పాకలు వేసికొనలేదు.

ఆ మార్పునుబట్టి ప్రశ్న తీరినదని మనము సంతోషించితిమి. నిజముగా తీరినదా?

1959 అక్టోబరు 11వ తేదీన నెహ్రూ పండితుడు షాద్‌నగరమునకు వచ్చి ఆంధ్రప్రదేశమున పంచాయతీరాజ్యమును ప్రారంభించెను. రాజస్థానము తరువాత మనదే. సమితులు, జిల్లా పరిషత్తులు పుట్టినవి. 1980లలో సమితులు పోయి మండలములు వచ్చినవి. పేర్లు మారిన వేగముతో పనులు మారలేదని పెద్దలు చెప్పుదురు. ఆ పిమ్మట 1993లో రాజ్యాంగ సవరణలు రెండు అమలులోనికి వచ్చినవి: ఏప్రిలు 24న గ్రామములకు, జూను 1న పట్టణములకు. పంచాయతీలకు ఇరువదితొమ్మిది విషయములు, పట్టణములకు పదునెనిమిది విషయములు అప్పగింపదగినవని అనుబంధములలో వ్రాసిరి. అయిదేండ్ల కొకమారు ఎన్నికలు తప్పవనిరి. స్త్రీలకు మూడవ వంతునకు తక్కువ కాని స్థానములు కేటాయించిరి. తరువాత మన రాష్ట్రమున అది సగ మైనది. వ్రాతలో ఇంతకన్న కోరవలసినది స్వల్పము.

ఆచరణమున ఏమి జరిగినది? విశాఖపట్టణ మహానగర పాలకవర్గమునకు 2012లో గడువు తీరినది. మరల ఎన్నికలు జరిగినది 2021 మార్చిలో. తొమ్మిదేండ్లు ఆ మహానగరమున ఎన్నికైన మేయరు లేడు, కార్పొరేటరు లేడు; అధికారులే అన్నియు. గ్రామపంచాయతీల గడువు 2018 ఆగస్టులో తీరగా 2021 ఫిబ్రవరిలో గాని ఎన్నికలు కాలేదు. గడువు తీరకముందే ఎన్నికలు ముగింపవలె ననియు, దైవోపద్రవమువంటి గడ్డు కారణములు తప్ప వాయిదాకు వీలులేదనియు 2006లోనే అహమ్మదాబాదు వ్యాజ్యములో సుప్రీముకోర్టు స్పష్టముగా చెప్పియున్నది. తీర్పు పుస్తకములలో నున్నది. శాసనసభ ఎన్నికలు ఆరు నెలలు ఆలస్యమైనచో దేశము అట్టుడికిపోవును గదా! ఊరి ఎన్నికలు ఏండ్ల తరబడి జరుగకున్నను మనకు నిద్ర పట్టినది. ఆ కాలములో విశాఖలో ఏ పేటయైనను హద్దు దాటి పాకలు వేసికొన్నదా? పన్ను కట్టము, ప్రతినిధి నిండు అని ఊరేగినదా? పాకలు వేసికొనుడని నేను చెప్పుట లేదు. బాధ యెందుకు కలుగలేదని మాత్రమే నా ప్రశ్న.

దీనికి కారణము వెదకగా నాకు దొరికినది ఒక అంకె. భారత రిజర్వుబ్యాంకు 2024 జనవరిలో పంచాయతీల ఆదాయవ్యయములను గూర్చి ఒక నివేదిక ప్రకటించెను. దేశములోని పంచాయతీల మొత్తము రాబడిలో, అవి స్వయముగా పన్నులు వేసి తెచ్చుకొనునది నూటికి సుమారు ఒక్క రూపాయి. తొంబదియైదు రూపాయలు పైనుండి వచ్చు గ్రాంటులు. అందులోను అధికభాగము కేంద్రమునుండియే. ఆ వచ్చినదియు ఇష్టమువచ్చినట్లు ఖర్చు పెట్టుటకు వీలులేదు. 2021 నుండి 2026 వరకు పదునైదవ ఆర్థిక సంఘము గ్రామములకిచ్చిన గ్రాంటులో నూటికి అరువది త్రాగునీరు, పారిశుద్ధ్యములకే అని ముందే ముడివేసినది. పని మంచిదే. కాని ఇంటి యజమానికి ఖర్చుచీటీ కూడ పొరుగూరివాడే వ్రాసి పంపినట్లున్నది. 2021లో పంచాయతీల ఖాతాలలోని ఆ సొమ్మును విద్యుత్తు బకాయిల క్రింద తీసికొనిరని ఆంధ్రప్రదేశమున సర్పంచులు వీధికెక్కినపుడు, వారి వెనుక ఎన్ని గ్రామముల ప్రజలు నడచిరి? చాల కొలదిమంది. ఆ సొమ్ము మనదని వారి కెన్నడును తోచియుండలేదు.

పై సొమ్ముతో నడుచు పంచాయతీ పైకి చూచును, క్రిందికి చూడదు. సర్పంచునకు ఓటు క్రిందినుండి వచ్చును, బిల్లు పైనుండి వచ్చును. ఓటు అయిదేండ్ల కొకమారు, బిల్లు నెలనెలకు. ఎవరివైపు చూచుట లాభమో అతనికి తెలియదా? సంతకము గాని, సొమ్ము గాని ఊరివారిది కానపుడు ఊరివారిని సభకు పిలుచుట మర్యాదకోసము మాత్రమే యగును.

ఒక గ్రామసభకు పోయితిని. ఊరి పేరు చెప్పను. మేము నలుగురము గ్రంథాలయ కార్యకర్తలము పుస్తకముల సంచులతో ఆ యూరి పాఠశాలకు చేరుసరికి ఉదయము పదునొకండు గంట లైనది. చెట్టుక్రింద పదునైదు కుర్చీలు వేసియున్నవి. అందులో ఏడు ఖాళీ. పంచాయతీ కార్యదర్శి ఒక పుస్తకము పట్టుకొని ఇంటింటికి సంతకములకు పంపించుచున్నాడు. సభకు రాకున్నను ఫరవాలేదు, సంతకము చేసి పంపుడని కబురు. సర్పంచు స్త్రీ, ప్రక్కన ఆమె భర్త. అడిగినవాని కెల్ల ఆయనయే సమాధానము చెప్పుచుండెను. ఇంతలో ఒక ముసలమ్మ వచ్చి, మా వీధికి నీళ్లు రావడము లేదు నాయనా అని అడిగినది. బిల్లు పాసు కాలేదు, కాంట్రాక్టరు రాలేదు, పైవాళ్లకు వ్రాసినామని ఆయన చెప్పుకొనిపోయెను. అప్పుడు సర్పంచు మొదటిమారు నోరు తెరచినది. "బిల్లు సంగతి కాదండి. గొట్టము మలుపు దగ్గర పగిలినది. రామాలయము వీధికి నిండుగా వచ్చి అక్కడ ఆగుచున్నది. నేను రోజూ అక్కడనే పట్టుకొనుచున్నాను" అని చెప్పినది. చెట్టుక్రింద ఉన్న ఎనిమిదిమందియు లేచి మలుపుదగ్గరకు పోయిరి. ఆ సాయంకాలమునకు గొట్టము అతుకబడినది. ఖర్చు స్వల్పము, పంచాయతీ పెట్టెలోని చిల్లరతో సరిపోయినది. గ్రామసభ యనగా ఏమో నాకు 243వ అధికరణముకన్న ఆ మలుపు బాగుగా బోధించినది. సంతకముల పుస్తకములో ఆనాడు హాజరు ఎంతమంది అని వ్రాసిరో నేను చూడలేదు. చూచియుండిన వకీలు బుద్ధి మేల్కొనెడిది.

తెలంగాణములో 2018 చట్టము గ్రామసభను రెండు నెలల కొకమారు జరుపవలె నన్నది. సభల సంఖ్య పెంచుట మంచిదే. కాని జనులు వచ్చి చెప్పిన మాటకు ఖర్చుపెట్టుటకు ఊరి చేతిలో సొమ్ము ఉన్నపుడే సభ నిండును. కేరళములో 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టినపుడు రాష్ట్ర ప్రణాళికా ధనములో మూడవ వంతుకు పైగా స్థానిక సంస్థల చేతి కిచ్చెదమని ముందు ప్రకటించి, పిమ్మట సభలకు పిలిచిరి. వారు పట్టుకొన్న క్రమ మది. మనము ముందు సభకు పిలిచి, సొమ్ము తరువాత వచ్చునని చెప్పుచున్నాము.

ఇక్కడ మీలో కొందరు ముఖము చిట్లించుట చూచుచున్నాను. ఈ వకీలు తిరిగి తిరిగి పన్నులు పెంచమనుటకు వచ్చినాడా యని. చీరాల నేతపనివారి కథ చెప్పి, చివర పన్ను వేయుమనుట ఏమి న్యాయము? ఆక్షేపణ సరియైనదే. పేదవాని గుడిసెమీద పన్ను పెంచుమని నేనెన్నడును చెప్పను. కాని మన పట్టణమున మూడంతస్తుల మేడ కట్టి, క్రింద నాలుగు దుకాణములు అద్దెకిచ్చి, పెంకుటిల్లు పన్ను కట్టుచున్నవారు లేరా? వారి దస్తావేజులు నేనే వ్రాసియున్నాను. పన్ను సరిగా మదింపు చేయుమని ఏ కౌన్సిలరు నోరు తెరువడు. తెరచినచో ఓటు పోవునని భయము. పైనుండి గ్రాంటు వచ్చునుగదా యని అందరికి ధీమా. గ్రాంటుకొరకు పైవారి ఇంటిచుట్టు తిరుగుటలో అయిదేండ్లు గడచిపోవును. ఇంటిపన్ను రసీదు మీద మనకు కోపము వచ్చుట నాకు మంచి సూచనగా తోచును. కోపము వచ్చినవాడు కార్యాలయమునకు పోవును. పోయినవాడు లెక్క యడుగును.

నేనును పోయితిని. కౌన్సిలు సమావేశము జరుగుదినము తెలిసికొని వెనుకబల్లపై కూర్చుండబోగా బంట్రోతు వచ్చి, "తమరు ఏ కాంట్రాక్టరు తాలూకండీ?" అని యడిగెను. ఊరివాడ ననగా నమ్మలేదు. పాపము, అతని తప్పు కాదు. పని లేనిదే అక్కడకు ఊరివాడు వచ్చుట అతడు చూచియుండలేదు. గంటన్నరలో నలుబదికి పైగా అంశములు ఆమోదింపబడినవి. చర్చ జరిగినది రెండింటిపైననే. ఆ రెండును స్మశానపు దారి, కోతుల బెడద. మిగిలినవి అంకె చదివి చేతు లెత్తుటతో ముగిసినవి. మరుసటి సమావేశమునకు నాతో మరి ముగ్గురు వచ్చిరి. మేము కాగితములు పట్టుకొని వ్రాసికొనుట చూచి, ఒక కౌన్సిలరుగారు లేచి మూడవ అంశమును మరల చదువుమని కోరినారు. వారిని మేము ప్రేరేపింపలేదు. వెనుకబల్ల నిండియుండుటయే అంతపని చేసినది.

రాజ్యాంగము మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణములలో వార్డు కమిటీలు తప్పనిసరి చేసినది. మన పట్టణము అంత పెద్దది కాదు. కావున మనకొరకు ఎవరో కమిటీ వేయుదురని కూర్చుండుట వ్యర్థము. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము బెజవాడలో పుట్టినపుడు ఏ చట్టమును దానిని పుట్టింపలేదు. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు ఊరూర తిరిగి పఠన మందిరములు పెట్టించిరి. అక్కడ అక్షరము రానివారికి పత్రిక చదివి వినిపించెడివారు. చదువరి ఒక్కడు, వినువారు పలువురు. పట్టణపు బడ్జెటును గూడ అట్లు చదివి వినిపించుట కేమి అడ్డమున్నది? 2005 సమాచారపు హక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టినచో ముప్పది దినములలో ఈయవలెను. మన రాష్ట్రమున గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలములో అయిదు రూపాయలు, ఆపైన పది. పది రూపాయలకు ఇప్పుడు టీ కూడ కష్టమే.

ఆ దరఖాస్తు పెట్టితిని. ఇరువదియారవ దినమున కాగితములు వచ్చినవి. ఇదిగో, మన పురపాలక సంఘపు ఆదాయవ్యయ పట్టిక, బల్లమీద నున్నది. నలుబది పుటలు. ప్రతి శనివారము సాయంకాలము ఆరు గంటలకు ఇదే గదిలో నాలుగేసి పుటలు చదువుదమని గ్రంథాలయాధికారిగారు, నేను అనుకొన్నాము. అర్థము కానిచోట ఆపి, కార్యాలయమునకు వ్రాయుదము. జవాబు వచ్చినపుడు దానినిగూడ ఇక్కడనే చదువుదము. మీ వీధి పేరు వచ్చినచోట, చెప్పిన పని మీ వీధిలో ఉన్నదో లేదో మీరే చెప్పవలెను. అది నేను చెప్పలేను.

ఇంకను అరగంట వ్యవధి యున్నదని అధ్యక్షులవారు సైగ చేయుచున్నారు. మొదటి నాలుగు పుటలు ఈ సాయంకాలమే ముగింపవచ్చును. వెనుకనున్నవారు కొంచెము ముందుకు జరుగుడు. మొదటి పద్దు వీధిదీపములు.